కృష్ణపట్నం మందు: ఎవరి మాట ప్రమాణం?

2021 మే మూడో వారంలో నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వెళ్లే రోడ్డు మీద అంబులెన్సులు బారులు తీరాయి. ఆ దారి చివర ఆస్పత్రి లేదు. ఓడరేవు ఊళ్లో బొణిగి ఆనందయ్య కరోనాకు ఉచితంగా మందు పంచుతున్నాడన్న కబురు ఉంది, అంతే. మే 21న జనం వేలల్లో వచ్చి పడ్డారు. పంపిణీ ఆపేయక తప్పలేదు. ఆ తర్వాత పది రోజులు తెలుగు టీవీల్లో ఒకటే చర్చ: నమ్మాలా, వద్దా?

ప్రశ్నను అలా వేయడంతోనే సగం గోల మొదలైంది. నమ్మేవాళ్లు ఒక గట్టునా, నమ్మనివాళ్లు ఇంకో గట్టునా చేరారు. ఒకరు ఋషుల సంప్రదాయం అన్నారు, ఒకరు మూఢనమ్మకం అన్నారు. మన తర్కశాస్త్రం చదివిన పెద్దలెవరైనా అక్కడ ఉండి ఉంటే ఇంకో ప్రశ్న అడిగేవారు: నీకు ఈ సంగతి ఏ ప్రమాణం వల్ల తెలిసింది? కళ్లతో చూశావా, ఊహించావా, ఎవరైనా చెప్పారా? చెబితే, ఆ చెప్పినవాడికి ఎలా తెలిసింది?

కృష్ణపట్నంలో పనిచేసింది చాలావరకు మూడోదే. శబ్దప్రమాణం, అంటే ఆప్తవాక్యం. ఆనందయ్య మీద జనానికి గురి కుదరడానికి కారణం స్పష్టం: ఆయన డబ్బు పుచ్చుకోలేదు. ఒక్క ఇంజెక్షన్ కోసం అప్పులు చేస్తున్న రోజుల్లో, మంచం దొరకడానికే సిఫార్సులు కావాల్సిన రోజుల్లో, అడిగినవాడికల్లా ఊరికే మందిచ్చే మనిషి. ‘ఆయనకేం స్వార్థం?’ అన్నది ఆ రోజుల్లో అందరి నోటా వినిపించిన వాదం. ఇది తీసిపారేయాల్సిన వాదమేమీ కాదు. చరకసంహిత కూడా ఆప్తుడికి మొదట పెట్టిన షరతు ఇంచుమించు ఇదే: రజస్తమస్సులు వదిలినవాడై ఉండాలి, లోభమూ పక్షపాతమూ లేనివాడై ఉండాలి.

అయితే చరకుడు అక్కడితో ఆగలేదు. ఆ మనిషి జ్ఞానానికి అడ్డు ఉండకూడదనీ, సంశయం లేకుండా తెలిసి ఉండాలనీ రెండో షరతు పెట్టాడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకా నిక్కచ్చి. చెప్పే విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానంగా వర్తిస్తుందని కూడా ఆయనే అన్నాడు. అంటే కులగోత్రాలూ కాషాయమూ తెల్లకోటూ ఏవీ ఆప్తత్వాన్ని ఇవ్వవు. నిస్వార్థం ఆప్తుడి లక్షణాల్లో సగమే. మిగతా సగం ఎరుక. ఆనందయ్య మొదటి సగంలో నిలబడ్డాడు కాబట్టి రెండో సగం కూడా ఉన్నట్టేనని జనం సర్దుకున్నారు. కార్పొరేట్ ఆస్పత్రుల విషయంలో సరిగ్గా దీనికి తిరగేసి జరిగింది: డబ్బు గుంజుతున్నారు కాబట్టి వాళ్లకు వైద్యం కూడా తెలియదని తేల్చేశారు. రెండూ ఒకే తప్పు.

ఇక ప్రత్యక్షం. ‘మా బావమరిది ఈ మందు తిన్నాడు, మూడో రోజుకు లేచి కూర్చున్నాడు.’ చూసిందే చెబుతున్నారు, అబద్ధం లేదు. కాని ఆ జబ్బు సోకినవాళ్లలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. మందు తినడమూ కనిపించింది, కోలుకోవడమూ కనిపించింది. ఒకటి రెండోదానికి కారణం కావడం మాత్రం ఎవరికీ కనిపించలేదు, కనిపించేది కూడా కాదు. కాకి వాలిందీ నిజమే, తాటిపండు పడిందీ నిజమే.

నెల్లూరు సీమలో నమ్మకానికి ఇంతకన్నా పెద్ద, ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ ఇంకొకటుంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి హిందువులూ ముస్లింలూ రొట్టెలు మార్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె. కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె అందుకుంటారు, తీరినవాళ్లు మళ్లీ వచ్చి రొట్టె ఇస్తారు. ఆరోగ్య రొట్టెలో ఫలానా రసాయనం ఉందని అక్కడ ఎవరూ అనరు. పిండి మీద పరీక్షలు చేయమని ఏ శాస్త్రవేత్తా అడగడు. అది మొక్కు. మనిషికీ దైవానికీ మధ్య మాట. శరీరం గురించి అది ఏ ప్రకటనా చేయదు కాబట్టి ప్రయోగశాలతో దానికి పేచీ రాదు.

హైదరాబాద్‌లో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందు ఈ రెండింటి మధ్యా ఇరుక్కుంది. 1845 నుంచీ వస్తున్నదని చెప్పే ఆ ఉబ్బసం మందు మీద జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు అభ్యంతరాలు లేవనెత్తాయి, వ్యవహారం కోర్టుల దాకా పోయింది. చివరికి అది ‘చేప ప్రసాదం’ అయింది. చేప అదే, ముద్ద అదే. మందు అంటే రుజువు అడుగుతారు, ప్రసాదం అంటే అడగరు. ఇది తెలివైన సర్దుబాటే గాని, ప్రసాదం అన్నంత మాత్రాన పొట్టలోకి పోయాక ఆ ముద్ద పద్ధతి మార్చుకోదు. కాలేయానికి భక్తి ఉండదు.

కృష్ణపట్నం మందులో ఏముందో ఆనందయ్య దాచలేదు. పత్రికల్లో వచ్చిన జాబితాలో వేప, నేరేడు, మామిడి చిగుళ్లు, జిల్లేడు, పసుపు, తేనెతో పాటు మిరియాలు, జాజికాయ, లవంగాలు, దాల్చినచెక్క, నల్లజీలకర్ర, పచ్చకర్పూరం ఉన్నాయి. ‘ఇందులో విషమేముంది, అన్నీ వంటింట్లోవేగా’ అని వెంటనే అనేశారు. పోపుడబ్బా పక్కన ఉన్నంత మాత్రాన వాటిని తక్కువగా చూడకూడదు. ముఖ్యంగా గింజల్ని.

జాజికాయనే తీసుకోండి. అది పండులోని విత్తనం. దాన్ని మెత్తగా దంచి, గుండ్రటి గాజుబుడ్డిలో నీళ్లు పోసి వేడి చేస్తే, ఆవిరితో పాటు దాని సుగంధమూ లేస్తుంది. పైన చల్లటి నీళ్లు తిరిగే గొట్టంలో ఆ ఆవిరి మళ్లీ ద్రవమై, గీతలు పెట్టిన సన్నటి గాజునాళంలోకి దిగుతుంది. ఈ పరికరం పేరు క్లెవెంజర్. 1928లో ఆ పేరున్న అమెరికన్ తయారుచేశాడు, నేటికీ ఫార్మసీ కాలేజీల ల్యాబుల్లో బల్ల మీద ఉంటుంది. కొన్ని గంటలు ఓపిక పడితే నాళంలో నీళ్ల మీద లేత పసుపు నూనె పొర తేలుతుంది. అదే లవంగాలు వేసి చూస్తే నూనె నీటికన్నా బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది. జాజికాయ బరువులో ఈ ఆవిరయ్యే నూనె ఇంచుమించు 5 నుంచి 15 శాతం. దాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీలోకి పంపితే సాబినీన్, పైనీన్, మిరిస్టిసిన్, ఎలిమిసిన్, సాఫ్రోల్ అని వరసగా శిఖరాలు లేస్తాయి. సాఫ్రోల్‌ని ఆహార పదార్థాల్లో కలపకూడదని అమెరికా 1960లోనే నిషేధించింది. కాలేయం దాన్ని మార్చే క్రమంలో కేన్సర్ కారకం పుడుతుందని జంతువుల్లో తేలింది. చిటికెడు జాజికాయ పొడి పాయసంలో వేసుకునేవాళ్లు దీనికి హడలిపోనక్కర్లేదు, మోతాదే వేరు. కాని ‘వంటింటిది’ అన్న ఒక్క మాటతో విచారణ ముగియదు.

ఒక చిన్న చిక్కు కూడా ఉంది. మూతలేని పెద్ద పాత్రలో ఈ దినుసుల్ని ఉడికిస్తే వీధంతా ఘుమఘుమలాడుతుంది. ఆ వాసన పాత్రలోంచి వెళ్లిపోతున్న నూనే. కాబట్టి ఒక రోజు వండిన మందులో మిగిలిన సుగంధ నూనెలూ, ఇంకో రోజు వండినదాంట్లో మిగిలినవీ ఒక్కటే అయి ఉండాలని లేదు. వేల మందికి హడావుడిగా వండినప్పుడు మరీను.

ఇంతకీ ఈ నూనెలు కాలేయంలో చేసే పనేమిటి? మనం మింగిన మందుల్ని విరగ్గొట్టి, నీళ్లలో కరిగేలా మార్చి బయటికి సాగనంపే ఎంజైములు కాలేయంలో ఉన్నాయి. వీటిలో పెద్ద కుటుంబం సైటోక్రోమ్ పీ450. కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసినప్పుడు 450 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి ఆ అంకె. 1960ల మొదట్లో జపాన్‌కు చెందిన ఒమురా, సాటో వీటికి ఆ పేరు స్థిరపరిచారు. మనిషిలో వీటికి 57 జన్యువులున్నాయి. వాటిలో సీవైపీ3ఏ4 అన్న ఒక్క ఎంజైమే వాడుకలో ఉన్న మందుల్లో మూడో వంతు నుంచి సగం దాకా చూసుకుంటుంది. పాత రోజుల్లో తడ చెక్‌పోస్టు ఎలాగో అలాగ: అక్కడ ఒక్క లారీ అడ్డం పడితే వెనక వచ్చేవన్నీ నిలిచిపోతాయి. ఒక పదార్థం ఈ ఎంజైముని పట్టుకుని వదలకపోతే, దాని చేతిలో కరగాల్సిన వేరే మందులు రక్తంలో పేరుకుపోతాయి. గుండెకూ బీపీకీ వేసుకునే మాత్ర రెండింతలు వేసుకున్నట్టవుతుంది.

ఈ సంగతి ప్రపంచానికి బాగా తెలిసింది ఒక పండురసం వల్ల. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద మద్యం ప్రభావం చూస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చింది. తీరా చూస్తే రక్తంలో మందు పాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కడికో పోయాయి. దోషం మద్యానిది కాదు, రసానిది. గ్రేప్‌ఫ్రూట్ మన పంపరపనసకు బిడ్డే. పండ్లరసం ఎవరికి చెడు చేస్తుంది అని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

మిరియాల కథ దీనికన్నా పాతది, మనదీను. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాలలో సీ.కే. అటల్, ఆయన సహచరులు 1970ల చివర్లో ఒక సంగతి పట్టుకున్నారు. ఆయుర్వేద యోగాల్లో అంత తరచుగా త్రికటు, అంటే శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, ఎందుకు కనిపిస్తుంది? అది స్వయంగా రోగం కుదర్చడానికా, పక్కనున్న మందుకు బలం ఇవ్వడానికా? వెతుక్కుంటూ పోతే మిరియంలోని ఘాటు పదార్థం పైపరీన్ దగ్గర తేలారు. అది ఆవిరిలో లేచే నూనె కాదు, గింజలో మిగిలిపోయేది. మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని అది అడ్డుకుంటుందని ఆ బృందమే 1985లో ప్రచురించింది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరీన్ ఇస్తే, కర్క్యుమిన్ రక్తంలోకి చేరడం 2000 శాతం పెరిగింది. జమ్మూ పరిశోధనే చివరికి క్షయ మాత్రగా మందుల షాపుకెక్కింది: కాడిలా సంస్థ తెచ్చిన రిసోరిన్‌లో 10 మిల్లీగ్రాముల పైపరీన్ కలపడం వల్ల రిఫాంపిసిన్‌ని మామూలు 450 మిల్లీగ్రాములకు బదులు 200కే సరిపెట్టారు.

సంప్రదాయం ఒక ఎరుకను మోసుకొచ్చింది, ప్రయోగశాల దాన్ని తూచింది, ఫలితం పేదవాడి మాత్రలోకి చేరింది. కృష్ణపట్నం చర్చలో రెండు గట్లవాళ్లూ ఈ కథను ఎందుకు ఎత్తలేదో! ‘సంప్రదాయంలో ఏమీ లేదు’ అనేవాళ్లకీ ఇది మింగుడుపడదు, ‘సంప్రదాయానికి పరీక్ష అక్కర్లేదు’ అనేవాళ్లకీ మింగుడుపడదు.

ఎందుకంటే అదే పైపరీన్ ప్రొప్రనలాల్, థియోఫిలిన్, ఫెనిటాయిన్ పాళ్లనూ రక్తంలో పెంచుతుంది. ఫెనిటాయిన్ మూర్ఛకు వాడే మందు. అది కొంచెం హెచ్చితే చాలు మనిషి తూలిపోతాడు. నల్లజీలకర్రలో థైమోక్వినోన్ ఉంది; సౌదీ అరేబియా పరిశోధకులు ఆ గింజల్ని ఆరోగ్యవంతులకిచ్చి చూస్తే సీవైపీ2డీ6, సీవైపీ3ఏ4 రెండూ నెమ్మదించాయి. జాజికాయ నూనెలోని మిరిస్టిసిన్ సీవైపీ1ఏ2ని పట్టుకుని పనికిరాకుండా చేయగలదని గాజునాళికల్లో తేలింది. మిరిస్టిసిన్, సాఫ్రోల్, పైపరీన్ మూడింటి అణువుల్లోనూ ఒకే రకం వలయం కనిపిస్తుంది. ఆ వలయం ఉన్న ఇంకో పదార్థం పైపరోనిల్ బ్యూటాక్సైడ్‌ని దోమల మందుల్లో కలుపుతారు, పురుగు ఒంట్లో విషాన్ని విరగ్గొట్టే పీ450ని ఆపడానికి. అసలు గింజ ఈ ఘాటును దాచుకున్నది మన పులుసు కోసం కాదు గదా, తనను తినడానికి వచ్చే పురుగు కోసం. ఆ పురుగులకూ మనకూ ఈ ఎంజైముల వంశం ఒకటే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గాజునాళికలో ఎంజైము ఆగిపోయిందంటే మనిషిలో ఆగినట్టు కాదు. కాలేయం ముక్కను నూరి, లక్ష రెట్ల గురుత్వంలో తిప్పితే అడుగున మిగిలే ముద్దని మైక్రోసోములంటారు. వాటి మీద నూనె చుక్క వేసి చూసే పరీక్ష ‘ఇలా జరగొచ్చు’ అని మాత్రమే చెబుతుంది. పేగు దాటి కాలేయానికి ఎంత చేరుతుందన్నది వేరే లెక్క. రసంలో వేసుకునే మిరియాలకు భయపడి బీపీ మాత్రలు మానేసేవాడు అసలుకే ఎసరు తెచ్చుకుంటాడు.

మళ్లీ మే నెలలోకి. రాష్ట్ర ఆయుష్ అధికారులు కృష్ణపట్నం వెళ్లి చూశారు, హాని కలిగించే దినుసులు లేవన్నారు, దీన్ని ఆయుర్వేద మందు అనలేమన్నారు. కేంద్ర ఆయుర్వేద శాస్త్ర పరిశోధనా మండలి మందు వాడినవాళ్ల వివరాలు సేకరించింది. 31వ తేదీన ప్రభుత్వం తన నిర్ణయం చెప్పింది: పీ, ఎల్, ఎఫ్ అనే మూడు రకాలకు అనుమతి, కె రకాన్ని కమిటీకి చూపించలేదు కాబట్టి దానికి లేదు, కంట్లో వేసే చుక్కల మీద నివేదికలు రావాలి కాబట్టి వాటికీ లేదు. ఈ మందుతో కరోనా తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదు, వాడితే నష్టం లేదు. డాక్టర్లు ఇచ్చిన మందులు మాత్రం ఆపొద్దు. జూన్ 7 నుంచి పంపిణీ మళ్లీ మొదలైంది.

ఆ చివరి సలహా చాలామంది ప్రాణాలు కాపాడి ఉంటుంది. ఎవరూ తిట్టిపోయాల్సిన సలహా కాదది. కాని దాని అర్థం ఏమిటి? ఆనందయ్య ఇచ్చే ముద్దా డాక్టరిచ్చే మాత్రా రెండూ ఒకే పొట్టలో పడతాయి. ఆ రోజుల్లో డాక్టరు రాసిన చీటీలో డెక్సామెథసోన్ ఉండేది, అది సీవైపీ3ఏ4 చేతిలో కరిగేది. అరవై దాటినవాళ్ల మందుల డబ్బాలో అమ్లోడిపిన్, అటార్వాస్టాటిన్ ఉంటాయి, అవీ దాని చేతిలోవే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రల్లో కొన్నీ అంతే. ‘కరోనా తగ్గుతుందా’ అన్న ప్రశ్న మీద రాష్ట్రమంతా గొంతు చించుకుంటుంటే, ‘పక్కనున్న మాత్రను ఏం చేస్తుంది’ అన్న ప్రశ్నకు చర్చలో చోటు దొరకలేదు. ‘నష్టం లేదు’ అన్నది ఊరికే వచ్చే మాటలా వాడేశారు. ‘మేలు ఉంది’ అనడానికి ఎంత రుజువు కావాలో, ‘కీడు లేదు’ అనడానికీ అంతే కావాలి. ప్రకృతి సిద్ధమైనది హాని చేయదన్న విశ్వాసం ఏ మతగ్రంథంలోనూ లేదు, అయినా దేవుణ్ని నమ్మనివాళ్లు కూడా దాన్ని నమ్ముతారు. ఉమ్మెత్తా గన్నేరూ ప్రకృతి సిద్ధమైనవే.

చరకుడు ప్రత్యక్షం, అనుమానం, ఆప్తోపదేశంతో పాటు ‘యుక్తి’ అని నాలుగో ప్రమాణం చెప్పాడు. తార్కికులు దీన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు, అనుమానంలోనే కలిపేశారు. వైద్యుడికి మాత్రం అది కావాల్సి వచ్చింది. నీళ్లు, దుక్కి, విత్తనం, ఋతువు కలిస్తేనే పంట అని ఆయనే ఇచ్చిన ఉదాహరణ. ఏ ఒక్కటీ విడిగా పంట కాదు. పలు కారణాలు కలిసినప్పుడు ఏమవుతుందో చూడగల బుద్ధి యుక్తి. ఇన్ని దినుసుల ముద్దనీ, నాలుగు మాత్రల చీటీనీ ఒకే మనిషి మింగినప్పుడు కావలసిన బుద్ధి సరిగ్గా ఇదే. దినుసులు ఒక్కొక్కటీ మంచివేనన్న జాబితా దానికి జవాబు కాదు.

న్యాయసూత్రాల్లో ఇంకో విచిత్రం ఉంది. వేదం ఎందుకు ప్రమాణం అన్న ప్రశ్నకు సూత్రకారుడు గౌతముడు ఆయుర్వేదాన్ని సాక్ష్యానికి పిలిచాడు. మందు చెప్పినట్టు పనిచేయడం లోకం చూస్తోంది, కాబట్టి అది చెప్పినవాళ్లు నమ్మదగినవాళ్లు, వాళ్లే చెప్పిన వేదమూ నమ్మదగినదే అన్నది ఆ వాదం నడక. అందులో పరీక్షకు నిలిచేది మందు; ఆ బలం మీద శాస్త్రానికి గౌరవం వస్తోంది. ఇప్పుడు మనం దాన్ని తలకిందులు చేశాం. శాస్త్రం ప్రాచీనం కాబట్టి మందుకు పరీక్ష అక్కర్లేదంటున్నాం. గౌతముడి వాదానికి పునాదినే తవ్వేస్తూ, ఆయన పేరే చెప్పుకుంటున్నాం.

అదే 2021 డిసెంబరులో అమెరికా అత్యవసర అనుమతి ఇచ్చిన కరోనా మాత్ర పాక్స్‌లోవిడ్‌లో రెండు మందులున్నాయి. ఒకటి వైరస్‌ని అడ్డుకునేది. రెండోది రిటోనవిర్; దాని పని సీవైపీ3ఏ4ని నిలబెట్టేసి, మొదటి మందును రక్తంలో ఎక్కువసేపు ఉంచడం. త్రికటు చేసే పనే. తేడా ఏమంటే, ఆ పెట్టెతో పాటు ఏ మాత్రలు వాడేవాళ్లు దీన్ని వేసుకోకూడదో, ఏవి తగ్గించాలో చెప్పే పొడవాటి పట్టిక వస్తుంది.

అలాంటి పట్టిక కృష్ణపట్నం మందుకు తయారుచేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆరోగ్యంగా ఉన్న కొద్దిమందిని తీసుకుని, ముందు కాఫీలో ఉండే కెఫీన్, దగ్గు మందులో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్, మత్తుకు వాడే మిడజోలామ్ చిన్న చిన్న మోతాదుల్లో ఇస్తారు. ఒక్కొక్కటీ ఒక్కో ఎంజైముకు గుర్తు. గంట గంటకూ రక్తం తీసి అవి ఎంత వేగంగా కరుగుతున్నాయో చూస్తారు. తర్వాత కొన్నాళ్లు ముద్ద తినిపించి, మళ్లీ అవే ఇచ్చి, మళ్లీ చూస్తారు. తయారీ మాత్రం ఒకే తీరులో ఉండాలి, జాజికాయ నూనె ఎంత మిగిలిందో ప్రతి విడతకూ తూచాలి. ఈ పరీక్ష కరోనా తగ్గుతుందో లేదో చెప్పదు. ఆనందయ్య గొప్పవాడో కాదో చెప్పదు. రోజూ అమ్లోడిపిన్ వేసుకునే ముత్తుకూరు రైతు ఈ ముద్ద తినొచ్చా, తింటే మాత్ర సగానికి తగ్గించాలా అన్నంతవరకే చెబుతుంది.